తెల్లకారుకు తలా ఒక గ్లాసు

మార్చి 6. మీటరు 4,18,206.

ఈ రోజు నుంచి బండి పుస్తకం నేను రాస్తున్నాను. పేరు హంపమ్మ, వయసు పంతొమ్మిది, ఊరు ఎర్రకొట్టాల. చేతితో నడిపే కారు ఎవరింట్లో ఉన్నా దానికి ఏం చేశారో, ఏం చూశారో ప్రతిసారీ ఇందులో రాయాలి. రాసింది కొట్టేయకూడదు. ఒక్క పేజీ చిరిగినా తనిఖీవాళ్లు వచ్చి బండిని నలిపి ఇనుపముద్ద చేసి పోతారు. ఆ చట్టం మీద నాకు ఎలాంటి గౌరవమూ లేదు. పుస్తకం మీద ఉంది. ముప్పై ఏళ్ల మా నాయిన చేతిరాత ఇందులో ఉంది. పోయిన ఎనిమిది నెలల్లో ఆ అక్షరాలు లావయ్యాయి, గీత దాటాయి, మొన్నటికి ఒక వాక్యం మీద ఇంకో వాక్యం పడింది. నిన్న పుస్తకం నా ముందుకు జరిపి, "ఇంక నువ్వు రాయి పాపా" అన్నాడు.

మా నాయిన వన్నూరప్ప. రెండు కళ్లలోనూ పొర ముదిరిపోయింది. అది ఉబ్బి లోపలి ఒత్తిడి పెంచుతోంది. ఆ ఒత్తిడికి నరం చచ్చిందంటే ఇక ఏ ఆపరేషనూ పనికిరాదు. నగరంలో తేదీ దొరికింది: మార్చి 29, ఉదయం పది గంటలకు. ఆ పూట అక్కడ లేకపోతే వరస చివరికి పోవాలి, అంటే పద్నాలుగు నెలలు. నాలుగు నెలలకు మించి నరం ఆగదని డాక్టరమ్మ తెరమీద కనిపించి చెప్పింది.

తమంతట తాము నడిచే తానుబండ్లు కొసస్తంభం వరకే వస్తాయి. ఐదు వందల మంది లేని ఊరికి వాటికి దారి చూపే స్తంభాలు వేయరు. మా ఊళ్లో యాభై మూడిళ్లు. కొసస్తంభానికి ముప్పై నాలుగు కిలోమీటర్లు, మధ్యలో జంగాల కనుమ. పగలు నలభై ఏడు డిగ్రీలు, కాబట్టి నడక లేదు. పొద్దుగూకితే చిరుతల వల్ల కనుమ గేటు మూస్తారు. ఉన్నది మా నాయినను కన్న జేజినాయన కొన్న ఈ తెల్లకారు ఒక్కటే, దీని వయసు యాభై ఎనిమిది. నడిపే లైసెన్సు నాకు జనవరిలో వచ్చింది.

చేసిన పని: ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాను. రెండు గీతల మధ్య ఉంది. బ్రేకు ఆయిల్ సరిగా ఉంది. బ్యాటరీ మొనల మీద పచ్చపొడి పేరుకుంటే వేడినీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, ఆముదం పూశాను.

మార్చి 9. మీటరు 4,18,274.

కొసస్తంభానికి పోయి వచ్చాను. పద్నాలుగు ఇళ్ల పనులు: బీపీ మాత్రలు, టమాటా విత్తనాలు, ఒక కుట్టుమిషను సూది, ఉత్తరాలు.

పోయే ముందు ఎప్పటిలాగే తలగ్లాసు జరిగింది. కొత్త తనిఖీవాడు చదివితే అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను. పదకొండేళ్ల కింద ఊళ్లో జ్వరం వచ్చిన ఒక బిడ్డను తీసుకుపోతూ నాయిన కనుమ మీద ఆగిపోయాడు, రేడియేటర్ ఎండిపోయి. గొర్రెలు కాసుకునే మనిషి తన తాగునీళ్ల సీసా అందులో పోసేశాడు. బిడ్డ బతికింది. అప్పటినుంచి మా ఊరు ఈ కారును దప్పికతో పంపదు. ఎవరి పని మీద పోతున్నామో వాళ్లు ఒక్కొక్క గ్లాసు తెచ్చి రేడియేటర్లో పోస్తారు. మనిషికి రోజుకు పన్నెండు లీటర్లు కొలిచి ఇచ్చే ఊళ్లో ఒక గ్లాసంటే చిన్న మాట కాదు. అన్ని గ్లాసులు పట్టాలి కదా, అందుకని ముందే అడుగు కుళాయి తిప్పి మూడు లీటర్లు బకెట్లోకి దింపుకుంటాం. ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు.

సుంకులక్క అందరికంటే ముందు వస్తుంది. ఈ రోజు గ్లాసు వంచుతూ, "తాగు తల్లీ, నిదానంగా తాగు" అని కారుతోనే అంది. నాతో మాత్రం, "నువ్వు గేర్లు కరకరలాడించొద్దు మ్మే, నా పండ్లు జివ్వుమంటాయి" అంది.

కనుమ నాలుగో మలుపులో వేడి ముల్లు ఎర్రగీతకు అంటుకుంది. ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నలభై నిమిషాలు చల్లారనిచ్చి ఎక్కాను. వేడి మీద మూత తీయలేదు, ఆ మాత్రం తెలుసు. నాయినతో చెబితే, "ఎండ ఎక్కువుండాది" అన్నాడు. ఎండ ఎప్పుడు తక్కువ?

మార్చి 12.

నా దగ్గర విప్పుకునే హక్కు సంఘంవాళ్ల కరపత్రాలు ఇరవై మూడున్నాయి. నేను చదువు నేర్చుకున్నది వాటిలోనే, బడిలో కాదు. తొమ్మిదోదాంట్లో ఇలా ఉంది: "మూత తెరవలేని యంత్రం నీది కాదు, నువ్వే దానివి." చదివిన ప్రతిసారీ నాకు నెత్తురు మరుగుతుంది. పదహారోదాంట్లో వేడెక్కే ఇంజన్ గురించి ఉంది. మొదటి అనుమానితుడు థర్మోస్టాట్: ఇంజన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే చిన్న తలుపు.

విప్పాను. గిన్నెలో నీళ్లు కాగబెట్టి, దారం కట్టి వేలాడదీశాను. నీళ్లు మసిలే ముందే బుద్ధిగా తెరుచుకుంది. పొయ్యి మీంచి దింపగానే మూసుకుంది. నాకు కోపం వచ్చింది. అది పాడై ఉంటే ఎంత బాగుండేది.

ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కాను, అరంగుళం దిగింది, సరైనదే. ఫ్యాన్ తిరుగుతోంది. నీళ్ల పంపు కింద తడి లేదు.

మార్చి 15. మీటరు 4,18,302.

మళ్లీ కనుమకు పోయి చూశాను. ఈసారి మూడో మలుపులోనే ముల్లు ఎర్రగీతను ముట్టింది. రోగం ముదురుతోంది. ఇంకా పద్నాలుగు రోజులు.

తిరిగి రాగానే నేను చేసింది రాస్తాను. కారు నడిచేది మొక్కజొన్న స్పిరిట్‌తో. ఆ స్పిరిట్ కాచేది కాశింపీరా మామ, ఊరి చివర బట్టీలో. అక్కడే గోలీసోడా కూడా కడతాడు. స్పిరిట్లో నీళ్లు కలిస్తే ఇంజన్ బలం తగ్గుతుంది, తొక్కేకొద్దీ వేడెక్కుతుంది అని కరపత్రంలో ఒక వాక్యముంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని బట్టీ ముందు, సోడాలకు వచ్చిన పదిమంది ముందు, ఆయన్ను కల్తీగాడన్నాను. మా నాయిన కళ్లలో నీళ్లు పోస్తున్నావన్నాను. ఇంకా చాలా అన్నాను.

పీరా మామ సోడా సీసా పక్కన పెట్టాడు. "కొలిచినావా?" అన్నాడు.

నేను కొలవలేదు.

ఆయన లోపలికి పోయి స్పిరిట్లో తేలే గాజుగొట్టం తెచ్చాడు. నా కారు ట్యాంకులోంచే గొట్టంతో తీయించి, జాడీలో పోయించి, నా చేతే చదివించాడు. నూటికి తొంభై నాలుగు పాళ్లు స్పిరిట్. సర్కారు బట్టీల్లో కూడా అంత రాదు. ఎవరూ నవ్వలేదు. ఆయన గాజుగొట్టం తుడుచుకుని లోపలికి పోయాడు. నా సోడా కట్టలేదు.

మార్చి 17.

నాయిన పొద్దున్నే గోడ పట్టుకుంటూ కొట్టంలోకి వచ్చాడు. "ఇంజను స్టార్ట్ చేయి. పది నిమిషాలు తిరగనీ. అప్పుడు ఆపి, ఫ్యాన్ తీగ పీకి నన్ను పిలువు."

అలాగే చేశాను. అరచేతిని రేడియేటర్ ముఖం మీద ఆనించి, ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి జరుపుతూ పోయాడు. పిల్లలకు జ్వరం చూసినట్టు. ఒకచోట చెయ్యి చటుక్కున తీశాడు. ఇంకోచోట ఆనించి అట్లే ఉంచాడు.

"నీ చెయ్యి ఈడ పెట్టు."

పెట్టాను. చల్లగా ఉంది. పక్కన వేలు పెడితే కాలింది.

"ఈ చల్లగుండే తావులో నీళ్లు పారల్యా. లోపల సన్న గొట్టాలుండాయి కదా, అవి పూడిపోయినాయి. సగం పైనే పోయింది పాపా."

"దేంతో పూడింది?"

ఇంజన్ చల్లారేదాకా ఆగి నేను మూత తీసి, సన్న తీగను వంచి లోపల గోకాను. తీగ కొనకు తెల్లటి పక్కు వచ్చింది, మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున ఉండేదే. మా బోరు నీళ్ల పక్కు.

అప్పుడు అర్థమైంది. అవే నీళ్లను కదపకుండా ఉంచి ఉంటే ఉన్న కాస్త సున్నమే గడ్డకట్టి ఊరుకునేది. మేం ప్రయాణానికి ఒకసారి మూడు లీటర్లు దింపి, మూడు లీటర్ల కొత్త సున్నం పోశాం. వారానికి రెండు ప్రయాణాలు, పదకొండేళ్లు.

"ఈ నీళ్లు పనికిరావని నీకు తెలుసా నాయినా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"కూలెంటు డబ్బాలు రావడం నిలిచినప్పటినుంచి. తొమ్మిదేండ్లు."

"మరి ఏంటికి చెప్పలేదు?"

"ఎవరికి చెప్పల్ల? సుంకులక్క మనవరాలికి తలంటేది మానుకోని గ్లాసు తెస్తాది. దాన్ని వెనక్కి పంపమంటావా?"

"ఆ గ్లాసు మొహమాటానికి నీ కండ్లు ఇచ్చేస్తావా?"

"ఇంత దూరం వస్తాదనుకోలేదు మ్మే."

బకెట్‌ను తన్ని బయటికి వచ్చేశాను. కరివేపాకు చెట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మోసగించిన కంపెనీ ఉంటే, తూట్లు పొడిచిన తనిఖీవాడుంటే నాకు సులువుగా ఉండేది. ఇరవై మూడు కరపత్రాలు నాకు శత్రువును వెతకడం నేర్పాయి. ఇక్కడ శత్రువు లేడు. పద్నాలుగు మంది గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు, అంతే.

మార్చి 18.

సున్నాన్ని కరిగించేది పులుపు. ఊళ్లో కిలోల లెక్కన నిమ్మ ఉప్పు ఉన్నది ఒకరి దగ్గరే, సోడాలో కలపడానికి. సున్నం లేని నీళ్లు కావాలంటే ఆవిరి చేసి చల్లార్చాలి. ఆ బట్టీ ఉన్నదీ ఒకరి దగ్గరే.

పొద్దున్నే పోయాను. ఏడో కరపత్రంలో ఆత్మవిమర్శ గురించి ఉన్న పేరా కంఠస్థం చేసుకున్నాను. "నా తొందరపాటు నిర్ణయం వెనక ఉన్న లోపభూయిష్టమైన అవగాహనను" అనే దాకా వచ్చాను.

"కరపత్రం చదువుతాండావా, మాట్లాడతాండావా?" అన్నాడు పీరా మామ.

"తప్పు నాది మామా. కొలవకుండా అన్నాను."

"నాకు చెప్తే ఏమొస్తాది? నువ్వు తిట్టింది నా ఒక్కనికే వినపడిందా?"

సాయంత్రం సోడాల వేళకు మళ్లీ పోయాను. అదే పదిమంది, ఇంకో ఐదుగురు ఎక్కువే. అందరి ముందూ చెప్పాను. తొంభై నాలుగు అనే అంకె కూడా చెప్పాను. సగంలో ఆపలేదు. ఆయన విని, సోడా కట్టి నా చేతికిచ్చాడు.

"నిమ్మ ఉప్పు ఎంత కావల్ల?"

"కిలో. ఇంకా ఆవిరి నీళ్లు పన్నెండు లీటర్లు, ఆరు కడగడానికి, ఆరు నింపడానికి."

"బట్టీ నాది, కట్టెలు నావి. నీళ్లు యాడివి? ఇరవై లీటర్లు పోస్తే గదా పన్నెండు దిగేది."

ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలుసు.

మార్చి 19.

ఇల్లిల్లూ తిరిగాను. నాయిన వద్దన్నాడు, "అంత మాట వాళ్లతో ఏంటికి, ఏదో ఒకటి చెప్పి తీసుకుందాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మనుషులకు నిజం చెప్పకపోవడం కూడా మూత మూయడమే అన్నాను. కానీ మొదటి గడప ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. అది సుంకులక్క గడప.

చెప్పాను. తెల్లటి పక్కు చేతిలో పెట్టి చూపించాను. ఆమె దాన్ని వేళ్లతో నలిపి చూసింది.

"అంటే పదకొండేండ్లు మేం దానికి సున్నం తాపినామా?"

"అవునక్కా."

"మీ నాయినకు తెలుసునా?"

"తెలుసు."

నాకు భయమేసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, "నా కిడ్నీలో రాళ్లు గూడా ఇవే నీళ్లతో వచ్చినాయంట. దానికీ నాకూ ఒకే రోగం చూడు" అంది. నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయింది. "వన్నూరప్ప నోట్లో నాలుక లేదు. ఆ యప్పకు కండ్లు కాదు, ముందు నోరు ఆపరేషన్ చేపీ."

లోపలికి పోయి గ్లాసు కాదు, బిందె తెచ్చింది. ఆ రోజు ఆమె ఇంట్లో వంటకు నీళ్లు ఎక్కడివో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇరవై లీటర్లు కావాలి. పదకొండో ఇంటికే నలభై దాటింది. చాలు అంటే వినలేదు. ఎవరికి వాళ్లు తమ నీళ్లు బట్టీ గంగాళంలో పోసిపోయారు. ఈ ఊరిని ఎప్పుడో ఒకరోజు బాగుచేస్తానని అనుకుంటూ పెరిగాను. ఈ ఊరు నన్ను ఎంత ఓపికగా పెంచిందో ఈ రోజు గంగాళం పక్కన నిలబడితే తెలిసింది. అందరి పేర్లూ ఈ పుస్తకం చివరి పేజీలో రాశాను. చట్టం అడగకపోయినా.

మార్చి 21.

రేడియేటర్ ఖాళీ చేశాను. నిమ్మ ఉప్పు సగం గోరువెచ్చటి మామూలు నీళ్లలో కలిపి పోశాను. ఇంజన్ అరగంట తిప్పి, చల్లారనిచ్చి, అడుగు కుళాయి తిప్పాను. టీ రంగులో నీళ్లు, అందులో గుడ్డు పెంకుల్లాంటి పొరలు. మిగతా సగంతో రెండోసారి. ఈసారి కిందినుంచి పైకి వెనక్కి తోశాను. గుప్పెడు పక్కు వచ్చింది. మూడోసారి ఆవిరి నీళ్లతో కడిగాను, తేటగా దిగాయి.

అవే నీళ్లు మళ్లీ పోసి ఇంజన్ తిప్పాక నాయిన చెయ్యి ఆనించి చూశాడు. "అంతా కాలుతాంది" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం ఈ మధ్య చూడలేదు.

ఐదు నిమిషాలకు కింద మట్టి తడిసింది. రెండు చోట్ల సూది మొనంత చిల్లులు. ఇన్నాళ్లూ వాటిని మూసిపెట్టింది ఆ సున్నమే. నేను స్పానర్ విసిరికొట్టాను. అద్దానికి తగల్లేదు, పక్క గోడకు తగిలింది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మార్చి 23.

రేడియేటర్ విప్పి నెత్తిన పెట్టుకుని బట్టీకి పోయాను. పీరా మామ తన రాగి గొట్టాలకు ఏటా టంకం వేసుకుంటాడు. ఇనుపకడ్డీ బొగ్గుల్లో కాల్చి, చిల్లుల చుట్టూ గీకి, శుభ్రం చేసి, టంకం పోశాడు. తర్వాత తొట్టిలో ముంచి పై గొట్టంలోంచి ఊదమన్నాడు. ఊదాను.

"బుడగ వస్తాందా?"

"లేదు మామా."

"గట్టిగా ఊదు. మొన్న నన్ను తిట్టేప్పుడు ఉన్న ఊపిరి యాడికి పాయ?"

నవ్వుతూ ఊదితే ఊపిరి చాలలేదు. బుడగలు రాలేదు.

మార్చి 25. మీటరు 4,18,344.

ఆరు లీటర్ల ఆవిరి నీళ్లు నింపి కనుమ పైదాకా ఎక్కి దిగాను. ఎండ నలభై ఆరు. ముల్లు సగం గీత దగ్గర నిలబడింది. తొమ్మిదో మలుపులో కాస్త పైకి వచ్చింది, దిగేటప్పుడు తన చోటికి పోయింది. ఇంటికొచ్చి చల్లారాక మూత తీసి చూశాను. ఒక చుక్క తగ్గలేదు.

మార్చి 28. మీటరు 4,18,378.

కొసస్తంభం. కారు ఇక్కడే పెట్టి, తానుబండి కోసం కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ఆరింటికే ఇరవై మంది వచ్చారు, ఉత్త చేతులతో. అలా రావడం వాళ్లకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు కట్టుకుని, కొందరు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. సుంకులక్క మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి, "ఈసారి నీకేం లేదు పో, కడుపు నిండుగా ఉండాదంట" అంది. ఇకమీదట ఎవరి పనికి వాళ్ల గ్లాసు బట్టీలో పోయాలని, రేడియేటర్‌కు తగ్గినప్పుడే అందులోంచి పోయాలని, మిగిలింది పీరా మామ తన బ్యాటరీల్లో పోసుకోవాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. నేను ఉపన్యాసం రాసుకుని జేబులో పెట్టుకున్నాను. తీయలేదు.

కనుమ అంతా నాయిన కళ్లు మూసుకుని ఇంజన్ వింటూ కూర్చున్నాడు. మూడో మలుపు దాటాక, నాలుగోది దాటాక, ముల్లు ఎక్కడుందని ఒక్కసారీ అడగలేదు.

పైకి చేరాక, "గేర్లు కరకరలాడలేదు" అన్నాడు.

ఏప్రిల్ 1. నగరం, ఆసుపత్రి.

ఒక కంటి కట్టు ఈ ఉదయం విప్పారు. నరం బతికే ఉందట. రెండో కన్ను వచ్చే వారం. డాక్టరమ్మ మొన్నటిదాకా తెరమీద ముఖం, ఈ రోజు మనిషి. మా కంటే పొట్టిగా ఉంది. థాంక్స్ చెప్పబోతే ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఇక్కడ రాసిపెడుతున్నాను.

నాయిన మొదట తన చేతులు చూసుకున్నాడు, తర్వాత నన్ను. "చిక్కిపోయినావు" అన్నాడు. తర్వాత బండి పుస్తకం అడిగాడు. చేయంత దూరంలో పట్టుకుని, పెదాలు కదుపుతూ, మార్చి ఆరు నుంచి చదవడం మొదలుపెట్టాడు. గంట పట్టింది. నేను కిటికీలోంచి కింద వరసగా పోతున్న తానుబండ్లను చూస్తూ కూర్చున్నాను. ఒక్కదానికీ తెరిచే మూత లేదు. ఎందుకో ఈ రోజు వాటి మీద కోపం రాలేదు.

"పీరాను కల్తీగాడని రాసినావే."

"అన్నాను కాబట్టి రాశాను. కొట్టేయకూడదు కదా."

"కొట్టేయమనలేదులే. ఉండనీ." ఇంకో పేజీ తిప్పాడు. "నా మొహమాటం గురించి గూడా బాగనే ఉతికినావు."

"తప్పా?"

"తప్పు లేదు. స్పానర్ విసిరింది తప్పు. అది జేజినాయన స్పానర్."

చివరి పేజీలో ఉన్న పేర్ల దగ్గర చాలాసేపు ఆగాడు. ఒక్కొక్క పేరు కింద వేలు పెట్టి చదివాడు. నీళ్లు కారుతున్న కన్ను తుడవకూడదని నర్సు చెప్పింది, కాబట్టి తుడుచుకోలేదు. తర్వాత మళ్లీ మొదటికి పోయి, పేజీలు గబగబా తిప్పి, దేన్నో వెతికాడు.

"మ్మే, నాలుగు వారాలు రాసినావు. టైర్ల సంగతి యాడా లేదే."

నేను చూడలేదు. ఆ వేడిలో, ఆ కనుమ మీద, నాలుగు వారాలు, ఒక్కసారి కూడా టైర్లలో గాలి చూడలేదు.

"రాయి" అన్నాడు. రాస్తున్నాను, ఆయన పక్కనుంచి అక్షరాలు చూస్తున్నాడు.

కొసస్తంభం చేరగానే, బండి కదిలించే ముందు: ముందు టైర్లు రెండు, వెనక రెండు, స్టెప్నీ. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి.